క్లోమం కోలుకుంటుంది.. మనం ఆగితే!

గుండె గురించి, కిడ్నీల గురించి, ఈమధ్య ఫ్యాటీ లివర్ గురించి మన ఇళ్లలో బాగానే మాట్లాడుకుంటున్నాం. క్లోమం ఊసు మాత్రం ఎత్తం. షుగర్ రిపోర్టు చేతికొచ్చినప్పుడో, అర్ధరాత్రి భరించలేని కడుపునొప్పితో ఎమర్జెన్సీకి పరుగెత్తినప్పుడో తప్ప ఒంట్లో అదొకటి ఉందన్న సంగతే గుర్తుకు రాదు. కౌలాలంపూర్ పరిసరాల్లో చాలా ఏళ్లుగా ఉంటున్న నాకు తెలిసినవారిలోనే నలుగురు పాంక్రియాటైటిస్‌తో ఆసుపత్రిలో చేరారు. అందరూ నలభైకి అటూ ఇటూ వయసువాళ్లే. అందరూ వారం పది రోజుల్లో నడుచుకుంటూ ఇంటికొచ్చారు. ఆ తర్వాత ఎవరు ఏం చేశారన్న దగ్గరే దారులు వేరయ్యాయి.

నేను డాక్టర్ని కాను, సాఫ్ట్‌వేర్ ఇంజినీర్‌ని. వైద్యం చెప్పడం నా పని కాదు. అయితే ఆ నలుగురి ఇళ్లలోనూ ఒకే మాట విన్నాను: "నొప్పి తగ్గింది, ఇక ఫర్వాలేదు." ఒక్క ఇంట్లో మాత్రం దానికి పూర్తి వ్యతిరేకమైన మాట: "క్లోమం ఒకసారి దెబ్బతింటే ఇక అంతేనట కదా!" ఈ రెండూ సగం సగం నిజాలే. క్లోమానికి తనను తాను బాగు చేసుకునే శక్తి ఉంది. ఆ శక్తి షరతులతో కూడినది. ఆ షరతులు తెలుసుకోవడం, వాటిని ఇంటిల్లిపాదీ కలిసి నిలబెట్టుకోవడం ప్రవాసంలో ఉన్న మనకు మరీ అవసరమన్నదే నేను చెప్పదలచుకున్నది.

రెండు ఉద్యోగాలు చేసే అవయవం

జీర్ణాశయం వెనక, వెన్నెముకకు ముందు అడ్డంగా పడుకుని ఉంటుంది క్లోమం. పెద్దవారిలో దాదాపు జానెడు పొడవు, వంద గ్రాములకు అటూ ఇటూ బరువు. అంత చిన్న అవయవం రెండు పెద్ద ఉద్యోగాలు చేస్తుంది. మొదటిది, మనం తిన్న పిండి పదార్థాలు, మాంసకృత్తులు, కొవ్వు అరగడానికి కావాల్సిన ఎంజైములను తయారు చేయడం. వాటితో నిండిన రసాన్ని రోజుకు లీటరుకు పైగా చిన్నపేగులోకి పంపుతుంది. రెండోది, రక్తంలో చక్కెరను అదుపులో ఉంచే ఇన్సులిన్‌ను తయారు చేయడం. ఈ రెండో పని చేసే కణాలు చిన్న చిన్న గుంపులుగా, సముద్రంలో లంకల్లా క్లోమమంతా చెదిరి ఉంటాయి. 1869లో పాల్ లాంగర్‌హాన్స్ అనే జర్మన్ వైద్య విద్యార్థి వాటిని మొదట వర్ణించాడు. అందుకే వాటికి ఆయన పేరే పెట్టారు. మొత్తం క్లోమంలో వాటి వాటా ఒకటి రెండు శాతమే.

ఈ ఎంజైముల్లో కొన్ని ప్రొటీన్లను ముక్కలు చేసేవి. మరి క్లోమాన్నే ఎందుకు కరిగించవు? అవి తయారైన చోట నిద్రావస్థలో ఉంటాయి. పేగులోకి చేరాకే మేలుకుంటాయి. ఏదైనా కారణంతో ట్రిప్సిన్ అనే ఎంజైము క్లోమం లోపలే మేలుకుందంటే, ఇల్లు కాపలా కాయాల్సినవాడే ఇంటికి నిప్పు పెట్టినట్టవుతుంది. క్లోమం తనను తానే అరిగించుకోవడమే ఈ జబ్బని 1896లోనే హాన్స్ కియారీ అనే శాస్త్రవేత్త ప్రతిపాదించాడు. పాంక్రియాటైటిస్ అంటే ఇదే. పిత్తాశయంలో రాళ్లు జారి దారికి అడ్డుపడటం, మద్యం.. ఇవి రెండూ ప్రధాన కారణాలు. రక్తంలో ట్రైగ్లిజరైడ్లు విపరీతంగా పెరగడం మూడోది. కొన్ని మందులు, జన్యువులు కూడా కారణం కావచ్చు.

మరమ్మతు ఇలా జరుగుతుంది

మంట చెలరేగిన వెంటనే రక్షణ కణాలు అక్కడికి చేరుకుంటాయి. మాక్రోఫేజ్‌లు అనే కణాలు చచ్చిన కణాల చెత్తను మింగి చోటు శుభ్రం చేస్తాయి. మామూలు రోజుల్లో కదలకుండా పడి ఉండే నక్షత్రాకారపు కణాలు కొన్ని లేచి, దెబ్బతిన్న చోట నారపోగుల్లాంటి పదార్థాన్ని అల్లుతాయి. ఇల్లు కట్టేటప్పుడు వేసే సారువ లాంటిదన్నమాట. పని పూర్తయ్యాక ఆ కణాలు మళ్లీ నిద్రలోకి జారుకోవాలి, సారువ విప్పేయాలి.

ఇక అసలు విశేషం ఎంజైములు తయారు చేసే కణాలది. ప్రమాద సమయంలో ఇవి తమ వృత్తిని కొంతకాలం పక్కన పెట్టేస్తాయి. ఎంజైముల తయారీ తగ్గించుకుని, నాళాల గోడల్లో ఉండే సాదా కణాల్లా మారిపోతాయి. మా భాషలో చెప్పాలంటే సర్వర్ సేఫ్ మోడ్‌లోకి వెళ్లినట్టు. ఆ స్థితిలో అవి విభజన చెంది సంఖ్య పెంచుకుంటాయి, మంట చల్లారాక తిరిగి పాత ఉద్యోగంలో చేరిపోతాయి. ప్రయోగశాలలో ఎలుకలకు మందిచ్చి స్వల్ప పాంక్రియాటైటిస్ తెప్పిస్తే, మందు ఆపిన వారం పది రోజుల్లో క్లోమం దాదాపు మామూలుగా కనిపిస్తుంది. మనుషుల్లోనూ అక్యూట్ పాంక్రియాటైటిస్ వచ్చినవారిలో సుమారు 80 శాతం మందికి జబ్బు స్వల్పంగానే ఉండి తగ్గిపోతుంది. మిగిలినవారిలో క్లోమంలో కొంత భాగం పూర్తిగా చచ్చిపోవచ్చు, ఇతర అవయవాలు దెబ్బతినవచ్చు, ప్రాణం మీదకూ రావచ్చు. అలా చచ్చిన భాగం తిరిగి మొలవదు.

గమనించాల్సింది ఒకటుంది. ఎలుకలు కోలుకున్నది మందు ఆపాక. దెబ్బ మీద దెబ్బ పడుతూనే ఉంటే సారువ విప్పే సమయం దొరకదు. నారపోగులు గట్టిపడి మచ్చగా మిగులుతాయి. నాళాలు సన్నబడతాయి, వాటిలో రాళ్లు తయారవుతాయి. సేఫ్ మోడ్‌లోకి వెళ్లిన కణాలు వెనక్కి రాలేక అక్కడే చిక్కుకుంటాయి. అలా చిక్కుకున్న కణాల్లో కేరాస్ అనే జన్యువు కూడా చెడితే, అది క్యాన్సర్ దిశగా మొదటి అడుగు కావచ్చు. ఏళ్ల తరబడి క్రానిక్ పాంక్రియాటైటిస్ ఉన్నవారిలో క్యాన్సర్ ముప్పు పెరగడానికి ఇదొక కారణమని శాస్త్రవేత్తలు భావిస్తున్నారు. అందరికీ వస్తుందని కాదు. చాలామందికి రాదు. కానీ తనంతట తాను మానే గాయాన్ని మనం రేపుతూ ఉంటే ఏమవుతుందో చెప్పడానికి ఇంతకంటే ఉదాహరణ అక్కర్లేదు.

లెక్కలూ అదే చెబుతున్నాయి. పలు అధ్యయనాలను కలిపి 2015లో ప్రచురించిన విశ్లేషణ ప్రకారం, మొదటిసారి అక్యూట్ పాంక్రియాటైటిస్ వచ్చినవారిలో సుమారు 10 శాతం మందికి అది క్రానిక్‌గా మారింది. మళ్లీ మళ్లీ వచ్చినవారిలో ఈ సంఖ్య 36 శాతం. పొగతాగడం, మద్యం ఈ ముప్పును పెంచుతాయి. మొదటి దాడికీ రెండో దాడికీ మధ్య ఉన్న కాలమే మన చేతిలో ఉన్నది.

ఇన్సులిన్ కణాల కథ వేరు

ఎంజైము కణాలకు ఉన్నంత మరమ్మతు శక్తి ఇన్సులిన్ తయారు చేసే బీటా కణాలకు లేదు. ఎలుకల్లో కొత్త బీటా కణాలు ప్రధానంగా పాత బీటా కణాల విభజన నుంచే వస్తాయని 2004లో హార్వర్డ్ శాస్త్రవేత్తలు యువల్ డోర్, డగ్లస్ మెల్టన్ బృందం చూపించింది. మనుషుల్లో ఆ విభజన ఎక్కువగా పసితనంలోనే. పెద్దయ్యాక బాగా మందగిస్తుంది. అంటే నలభైల్లో పోగొట్టుకున్న బీటా కణాలకు బదులు దొరకడం చాలా కష్టం.

అందుకే నొప్పి తగ్గిందని మరిచిపోకూడదు. అక్యూట్ పాంక్రియాటైటిస్ నుంచి బయటపడినవారిపై జరిగిన 24 అధ్యయనాలను కలిపి 2014లో ప్రచురించిన విశ్లేషణలో, సుమారు 23 శాతం మందికి కొత్తగా మధుమేహం వచ్చింది. మొదటి ఏడాదిలోనే 15 శాతం మందికి. జబ్బు స్వల్పంగా వచ్చి తగ్గినవారికీ ఈ ముప్పు తప్పలేదు. ఇలా క్లోమం దెబ్బతినడం వల్ల వచ్చే మధుమేహాన్ని వైద్యులు టైప్ 3సి అంటారు. దీన్ని తరచూ మామూలు టైప్ 2గా పొరబడుతుంటారు. కాబట్టి షుగర్ చూపించుకోవడానికి వెళ్లినప్పుడు "నాకు ఫలానా సంవత్సరం పాంక్రియాటైటిస్ వచ్చింది" అని మనమే చెప్పాలి. ఇండియాలో వచ్చిన జబ్బు మలేసియా డాక్టరుకు, ఇక్కడ వచ్చింది అక్కడి డాక్టరుకు తనంతట తెలియదు కదా.

మలేసియాలో ఈ మాటకు మరింత బరువుంది. ఇక్కడి ప్రభుత్వ ఆరోగ్య సర్వే ప్రకారం 2019లో పెద్దవారిలో 18.3 శాతం మందికి మధుమేహం ఉంది. 2023 సర్వేలో అది 15.6 శాతానికి తగ్గినా, ఇప్పటికీ దాదాపు ఆరుగురిలో ఒకరు. భారత సంతతివారిలో మరీ ఎక్కువ. 2019లో 31 శాతం పైమాటే. తరాల క్రితం పేరాక్ కొబ్బరి తోటలకు వచ్చిన తెలుగువారి మనవళ్లయినా, నిన్నగాక మొన్న సైబర్‌జయలో దిగిన ఐటీ కుర్రాళ్లయినా ఈ లెక్కకు బయట లేరు.

12 అంటే చిన్న అంకె కాదు

నాకు తెలిసిన నలుగురిలో ఒకరు గుంటూరు జిల్లా నుంచి వచ్చిన మిత్రుడు. మద్యం ముట్టడు. పిత్తాశయంలో రాళ్లు లేవు. రెండేళ్ల క్రితం ఓ ఆదివారం పైకడుపులో మొదలైన నొప్పి వీపులోకి పాకింది. గ్యాస్ అనుకుని మాత్ర వేసుకున్నాడు. రాత్రికి వాంతులు. ఆసుపత్రిలో చూస్తే పాంక్రియాటైటిస్. కారణం ట్రైగ్లిజరైడ్లు. అతడి ఇంట్లో వెతికితే ఏడాది కిందటి హెల్త్ చెకప్ రిపోర్టు దొరికింది. అందులో ట్రైగ్లిజరైడ్లు 12.4 అని ఉంది, పక్కన నక్షత్రం గుర్తు కూడా ఉంది. "ఇండియాలో నాన్నగారికి 210 ఉంటేనే డాక్టరు మందిచ్చి పంపారు అన్నయ్యా, ఈయనకు 12 అంటే తక్కువేగా అనుకున్నాం" అంది అతడి భార్య.

ప్రవాసంలో ఉన్న ప్రతి ఇంటికీ పనికొచ్చే పాఠమిది. ఇండియాలో రక్తపరీక్షల ఫలితాలు ఎక్కువగా డెసీలీటరుకు మిల్లీగ్రాముల్లో ఇస్తారు. మలేసియాలోనూ, బ్రిటన్, ఆస్ట్రేలియాల్లోనూ లీటరుకు మిల్లీమోల్‌లలో ఇస్తారు. ట్రైగ్లిజరైడ్లకు ఇక్కడి అంకెను దాదాపు 88.6తో గుణిస్తే మనకు అలవాటైన అంకె వస్తుంది. అంటే 12.4 మనవాళ్ల లెక్కలో దాదాపు 1,100. వెయ్యి దాటితే, అంటే ఇక్కడి లెక్కలో 11.3 దాటితే, పాంక్రియాటైటిస్ ముప్పు ఉందని వైద్యులు హెచ్చరిస్తారు. షుగర్‌కైతే 18తో గుణించాలి. పరగడుపున ఇక్కడి 7 అంటే అక్కడి 126. అది మధుమేహం గీత. అమ్మానాన్నలతో ఫోన్లో రిపోర్టులు పోల్చుకునేటప్పుడు ముందు కొలమానం చూడండి. అంకె ఒక్కటే చూస్తే మోసపోతాం.

ఆ మిత్రుడు ఆసుపత్రి నుంచి వచ్చిన మూడో రోజే ఆఫీసు నుంచి ఫోన్. "ఎంసీ శుక్రవారంతో అయిపోతుంది కదా, సోమవారం రిలీజ్ ఉంది" అని. ఎంసీలో రాసిన రోజులు ఉద్యోగానికి సంబంధించినవి, క్లోమానికి కాదు. మంట చల్లారినట్టు పైకి కనిపించినా లోపలి మరమ్మతు ఇంకా సాగుతూనే ఉంటుంది. అతడు సోమవారం ల్యాప్‌టాప్ తెరిచాడు. కానీ ఇంట్లోవాళ్లు ఒక పని చేశారు: నూనె, తీపి పానీయాలు తగ్గించడం అతడొక్కడికే కాకుండా అందరికీ వర్తింపజేశారు. డాక్టరిచ్చిన మందు ఆపలేదు. మూడు నెలలకోసారి పరీక్ష. ఇప్పుడతడి ట్రైగ్లిజరైడ్లు ఇక్కడి లెక్కలో 3 దగ్గర ఉన్నాయి. మళ్లీ నొప్పి రాలేదు.

హైదరాబాద్ నేర్పిన పాఠం

ఈ జబ్బు విషయంలో తెలుగు నేలకు పెద్ద అనుభవముంది. మద్యం ముట్టని యువకుల్లోనూ క్లోమంలో రాళ్లు, ఆ తర్వాత మధుమేహం.. దీన్ని ఉష్ణదేశాల పాంక్రియాటైటిస్ అన్నారు. చాలాకాలం దీనికి పోషకాహార లోపాన్ని, కర్రపెండలాన్ని తప్పుపట్టారు. హైదరాబాద్‌లోని సీసీఎంబీ, ఏషియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ గ్యాస్ట్రోఎంటరాలజీ పరిశోధకులు కలిసి 2002లో ప్రచురించిన పరిశోధన దీన్ని కొత్తగా చూపింది. పాశ్చాత్య దేశాల్లో వంశపారంపర్య పాంక్రియాటైటిస్‌కు కారణమైన ట్రిప్సిన్ జన్యు మార్పు మన రోగుల్లో కనిపించలేదు. బదులుగా స్పింక్1 అనే జన్యువులో మార్పు చాలామందిలో కనిపించింది. స్పింక్1 పని ఏమిటంటే, క్లోమం లోపల పొరపాటున మేలుకున్న ట్రిప్సిన్‌ను పట్టి ఆపడం. అంటే బ్రేకు. మన రోగుల్లో చాలామందికి ఆ బ్రేకే బలహీనం.

అయితే ఇదే మార్పు ఏ జబ్బూ లేని ఆరోగ్యవంతుల్లోనూ కొద్దిమందికి ఉంటుంది. జన్యువొక్కటే తలరాత రాయదు. బ్రేకు బలహీనంగా ఉన్న బండిని పల్లంలో వేగంగా తోలకపోవడం మన చేతిలో పని. ఇంట్లో ఒకరికి చిన్న వయసులోనే కారణం తెలియని పాంక్రియాటైటిస్ వచ్చి ఉంటే, మిగిలినవారు పొగకు, మద్యానికి దూరంగా ఉండటానికి అంతకుమించిన కారణం వెతకనక్కర్లేదు.

పద్మవిభూషణ్ డాక్టర్ డి.నాగేశ్వరరెడ్డి నేతృత్వంలోని అదే సంస్థ, క్లోమంలోని రాళ్లను శరీరం బయటి నుంచి తరంగాలతో పిండి చేసే చికిత్సను వెయ్యి మందికి పైగా రోగులకు అందించి, ఫలితాలను 2010లో ప్రచురించింది. ఎక్కువమందికి నొప్పి తగ్గింది. కానీ దారి తెరుచుకున్నంత మాత్రాన పోయిన కణాలు తిరిగి రావు. మంచి వైద్యం మిగిలినదాన్ని కాపాడుతుంది. మిగిలి ఉండేలా చూసుకోవడం అంతకుముందు జరగాల్సిన పని.

'ఇండియా వెళ్లినప్పుడు చూద్దాంలే'

ప్రవాసుల ఇళ్లలో నేను ఎక్కువగా వినే మాట ఇది. పిత్తాశయంలో రాళ్ల వల్ల పాంక్రియాటైటిస్ వస్తే, నొప్పి తగ్గాక పిత్తాశయం తీయించుకోమంటారు డాక్టర్లు. "డిసెంబరులో సెలవులకు వెళ్తాం, అమ్మ దగ్గరుండి చూసుకుంటుంది, ఖర్చూ తక్కువ" అని వాయిదా వేస్తాం. మన కోణంలో అది సబబుగానే అనిపిస్తుంది. కానీ నెదర్లాండ్స్‌లో జరిగి 2015లో లాన్సెట్‌లో ప్రచురితమైన అధ్యయనం చూడండి. స్వల్పంగా జబ్బు వచ్చినవారిలో కొందరికి అదే చేరికలో ఆపరేషన్ చేశారు. మిగిలినవారిని ఇంటికి పంపి సుమారు నాలుగు వారాల తర్వాత చేశారు. ఆగినవారిలో 17 శాతం మందికి ఈలోపు రాళ్ల వల్ల మళ్లీ సమస్యలొచ్చాయి. వెంటనే చేయించుకున్నవారిలో 5 శాతం మందికే. నాలుగు వారాలకే ఆ తేడా ఉంటే, ఆరు నెలల వాయిదా సంగతి ఆలోచించండి. డాక్టరు తొందరగా తీయించుకోమంటే, అమ్మనే ఇక్కడికి పిలిపించుకుందాం. విమానం టికెట్ రెండో దాడి కంటే చవకే.

బీమా సంగతీ చూసుకోవాలి. చాలా పాలసీలు ఆసుపత్రిలో ఉన్నన్నాళ్లు గ్యారంటీ లెటర్‌తో ఖర్చు భరిస్తాయి. డిశ్చార్జి తర్వాతి పరీక్షలకు మాత్రం రోజుల పరిమితి ఉంటుంది. అది దాటాక పరీక్ష మానేయడమే మనవాళ్ల అలవాటు. ఏడాదికోసారి షుగర్, ట్రైగ్లిజరైడ్ల పరీక్షకు జేబులోంచి పెట్టాల్సి వచ్చినా పెట్టాలి.

మద్యం సంగతి నేరుగా మాట్లాడుకుందాం. బ్రిటిష్ కాలంలో ఇక్కడి తోటల్లో కూలీల ఇళ్ల దగ్గరే కల్లు దుకాణాలు ఉండేవి. ఎన్నో తరాలను అవి తినేశాయి. ఈనాటి మన వారాంతపు పార్టీల్లో సీసా ఖరీదు మారింది, క్లోమానికి తేడా తెలియదు. పాంక్రియాటైటిస్ వచ్చి తగ్గిన మనిషి చేతిలో "ఒక్క పెగ్గుకు ఏమవుతుందిరా" అంటూ గ్లాసు పెట్టే స్నేహితుడు శత్రువు కంటే ఎక్కువ నష్టం చేస్తాడు. ఫిన్లాండ్‌లోని టాంపెరేలో మద్యం వల్ల జబ్బు వచ్చినవారిని రెండు జట్లు చేశారు. ఒక జట్టుకు ఆసుపత్రిలో ఒక్కసారి చెప్పి పంపారు. రెండో జట్టును ఆరు నెలలకోసారి పిలిచి మళ్లీ మళ్లీ చెప్పారు. 2009లో ప్రచురితమైన ఆ ఫలితాల్లో రెండో జట్టువారికి జబ్బు తిరగబెట్టడం తగ్గింది. వాళ్లకు అదనంగా దక్కింది మాట సాయమే. ఆ సాయం చేయడానికి ఆసుపత్రే అక్కర్లేదు, భార్యాబిడ్డలు, అన్నదమ్ములు, పక్క ఫ్లాట్ స్నేహితుడూ చేయగలరు. ఒంటరిగా గదుల్లో ఉంటున్న కుర్రాళ్లకు ఆ మాట చెప్పేవాళ్లు లేరు. పెద్దవాళ్లుగా మనమే ఆ లోటు తీర్చాలి.

ఆశ ఉంది, అద్భుతం లేదు

ఇక వాట్సాప్ సంగతి. "ఐదు రోజుల ఉపవాసంతో కొత్త క్లోమం" అన్న సందేశం మీకూ వచ్చే ఉంటుంది. దానికి మూలం 2017లో అమెరికాలోని సదరన్ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి చెందిన వాల్టర్ లాంగో బృందం ప్రచురించిన పరిశోధన. ఉపవాసాన్ని పోలిన ఆహారం ఇచ్చినప్పుడు బీటా కణాలు తిరిగి ఏర్పడ్డాయని చెప్పింది నిజమే. కానీ అది ఎలుకల్లో. ఆ ఒక్క మాట సందేశంలో ఉండదు. ఇన్సులిన్ మీద ఉన్న మనిషి దాన్ని నమ్మి డాక్టరును అడగకుండా ఉపవాసం మొదలుపెడితే ప్రాణానికే ముప్పు. క్లోమాన్ని కొత్తగా మొలిపిస్తామనే చూర్ణాలు, కషాయాలు అమ్మేవారిని ఒక్క ప్రశ్న అడగండి: మనుషులపై పరీక్ష ఎక్కడ జరిగింది, ఫలితం ఎక్కడ ప్రచురించారు?

నిజమైన ఆశ కావాలంటే బ్రిటన్‌లో జరిగిన డైరెక్ట్ అధ్యయనం చూడాలి. న్యూకాజిల్ ప్రొఫెసర్ రాయ్ టేలర్, గ్లాస్గో ప్రొఫెసర్ మైక్ లీన్ దీన్ని నడిపారు. టైప్ 2 మధుమేహం వచ్చి ఆరేళ్లు దాటనివారికి కొన్ని నెలలపాటు చాలా తక్కువ కేలరీల ఆహారమిచ్చి, వైద్యుల పర్యవేక్షణలో బరువు తగ్గించారు. 2017లో వచ్చిన మొదటి ఏడాది ఫలితాల్లో 46 శాతం మందికి మందులు లేకుండానే షుగర్ మధుమేహ స్థాయి కంటే కిందికి వచ్చింది. 15 కిలోలు, అంతకుమించి తగ్గినవారిలో 86 శాతం మందికి. అలా కోలుకున్నవారికి స్కానింగ్ చేస్తే కుంచించుకుపోయిన క్లోమం రెండేళ్లలో కొంత పెరిగిందని, దాని అంచులు నునుపు తేలాయని 2020లో అదే బృందం ప్రకటించింది. కొత్త కణాలు మొలిచాయనడం కంటే, కొవ్వు భారం కింద అలసి పని మానేసిన బీటా కణాలు మళ్లీ మేలుకున్నాయన్నదే ఆ పరిశోధకుల వివరణ. ఇది టైప్ 2 సంగతి, పాంక్రియాటైటిస్ వల్ల కణాలే పోయినవారికి ఇదే ఫలితం వస్తుందనుకోకూడదు. అయినా నీతి ఒక్కటే: భారం దించితే మిగిలిన కణాలు తమ పని తాము చూసుకుంటాయి.

మలేసియా ప్రభుత్వం 2019 జులైలో తీపి పానీయాలపై లీటరుకు 40 సెన్‌ల పన్ను వేసింది. 2025 జనవరి నుంచి అది 90 సెన్‌లు. తయారీదారుడి సీసాకు ప్రభుత్వం పన్ను వేయగలదు. మామక్ హోటల్లో మనం చెప్పే తేతారిక్‌కు పన్ను వేయాల్సింది మనమే. 'కోసోంగ్' అన్న ఒక్క మలయ్ మాట నేర్చుకుంటే చాలు, చక్కెర లేకుండా ఇస్తారు.

సంఘాలు చేయగలిగింది

మలేసియా తెలుగు సంఘం మొదలు ఈమధ్య పుట్టిన ప్రవాస సంఘాల దాకా ఉగాదికి, బతుకమ్మకు, దీపావళికి వందల మందిని ఒకచోట చేరుస్తున్నాయి. అప్పుడప్పుడు వైద్య శిబిరాలూ పెడుతున్నాయి. వాటిలో బీపీ, షుగర్‌తో పాటు ట్రైగ్లిజరైడ్ల పరీక్ష కూడా చేర్చాలని నా విన్నపం. రెండు దేశాల కొలమానాలు పక్కపక్కన వేసిన ఒక్క పేజీ తెలుగు కార్డు ముద్రిస్తే ఫ్రిజ్ మీద అంటించుకుంటారు. దాని వెనక నాలుగు మాటలు చాలు. పైకడుపులో మొదలై వీపులోకి పాకే తీవ్రమైన నొప్పి, వాంతులు ఉంటే గ్యాస్ మాత్రతో సరిపెట్టుకోకుండా 999కు ఫోన్ చేయాలి, లేదా నేరుగా ఎమర్జెన్సీకి వెళ్లాలి. పాంక్రియాటైటిస్ వచ్చి తగ్గినవారు ఏటా షుగర్ చూపించుకోవాలి. మలం జిడ్డుగా తేలుతున్నా, తింటున్నా బరువు తగ్గుతున్నా ఎంజైముల కొరత కావచ్చు, డాక్టరుకు చెప్పాలి. పొగ, మద్యం పూర్తిగా మానాలి.

ఎంజైముల కొరతకు ఇచ్చే గొట్టం మాత్రలు పంది క్లోమం నుంచి తయారవుతాయి. శాకాహార కుటుంబాల్లో ఇది తెలిశాక చెప్పాపెట్టకుండా మందు ఆపేసేవాళ్లున్నారు. అభ్యంతరం ఉంటే మొహమాటపడకుండా డాక్టరుతోనే మాట్లాడాలి. ఇక్కడి డాక్టర్లకు ముస్లిం రోగుల నుంచి ఈ ప్రశ్న అలవాటే. మౌనంగా మానేయడం వల్ల ఒళ్లు చిక్కిపోతుంది తప్ప సమస్య తీరదు.

క్లోమానికి పేరు తెచ్చుకునే అలవాటు లేదు. మనం పట్టించుకోకపోయినా రోజూ రెండు ఉద్యోగాలు చేస్తుంది. దెబ్బ తగిలితే ఎవరికీ చెప్పకుండా తన గాయం తానే మాన్చుకోవడానికి ప్రయత్నిస్తుంది. కూలినదాన్ని కట్టే పని దానిది. కట్టేలోపు మళ్లీ కూలగొట్టకుండా ఉండటం మనది. మీ ఇంట్లోనో, పక్కింట్లోనో ఈమధ్య పాంక్రియాటైటిస్ నుంచి బయటపడినవారు ఉంటే, ఈ వారం ఒక్క ప్రశ్న అడగండి: "ఆసుపత్రి నుంచి వచ్చాక మళ్లీ పరీక్ష ఎప్పుడు చేయించుకున్నారు?" జవాబు రాకపోతే, తోడు వెళ్లండి.